నల్లద్దంలో నాలుగు నిమిషాలు

సూర్యాపేట,
మార్చి 14.

లింగన్నా,

పోయిన మంగళవారం ములాఖత్‌లో జాలీ అవతల నిలబడి నువ్వు నన్ను అడిగిన మొదటి మాట, "ఫిల్టర్ కొన్నవానే?" అని. హత్యానేరం మీద లోపల పడ్డ మనిషి అడగాల్సిన మాటేనా అది? పక్కన అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే నీ ధ్యాస నా ఫిల్టర్ మీద పడింది. "ఇంకా సూస్తున్న" అని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు నీతో చెప్పిన అబద్ధాల్లో అది చిన్నది. పెద్దది ఈ ఉత్తరంలో విప్పుతాను. లాయర్ రాజారత్నం సార్ దీన్ని కేసు కాగితాల మధ్య పెట్టి నీ చేతికే ఇస్తానన్నారు. చదివాక ఆయనకే తిరిగి ఇచ్చెయ్యి, దగ్గర ఉంచుకోకు.

ముందు నువ్వడిగిన దానికి జవాబు. అది చెప్పకపోతే రెండోది నీకు అర్థం కాదు. ఎన్‌డీ ఫిల్టర్ అంటే లెన్సుకు పెట్టే నల్లకళ్ళద్దాలు, అంతే. వెలుతురును తగ్గించాలి, రంగును మాత్రం ముట్టుకోకూడదు. వెలుతురు తగ్గితే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచవచ్చు, అప్పుడు పారే నీళ్ళు పాల మీద మీగడలా నున్నగా పడతాయి. తిప్పేకొద్దీ నలుపు పెరిగే రకం ఒకటుంది. అన్నిటికీ అదొక్కటే చాలని అమ్మేవాళ్ళు ఊదరగొడతారు. కోదాడలో పెళ్ళిళ్ళు తీసే ఒకాయన దగ్గర బతిమాలి తెచ్చుకుని సాగర్ డ్యాం ముందు పెట్టి చూశాను. చివరిదాకా తిప్పేసరికి ఆకాశం మధ్యలో గుణకారం గుర్తులా పెద్ద నల్ల మచ్చ పడింది. చవక రకంతో వచ్చే తంటా అదే. ఇంకోటి ప్లాస్టిక్ పలకల సెట్టు. చూడ్డానికి డబ్బా నిండా ఉంటాయి. ఒక్కసారి బట్టతో తుడిస్తే గీతలు, రెండు కలిపి పెడితే కృష్ణా నది వంకాయ రంగు. మనలాంటి వాళ్ళు ఆ డబ్బా మోజు మానేసి, బాగా నల్లటి గాజు ఫిల్టర్ మంచిది ఒక్కటి కొనుక్కోవాలి. అది కూడా ఉన్న లెన్సుల్లో పెద్దదాని మూతికి సరిపోయేది. చిన్న లెన్సులకు రింగులు వేసి అదే బిగించుకోవచ్చు. ఏడాది పాటు తిరిగి నేను తేల్చుకున్నది ఇంతే. ఆ ఒక్కటీ స్టూడియోలో నా జీతంలో సగం మింగుతుంది కాబట్టి, వచ్చే ఏడు చూద్దాం అంటూ వచ్చాను.

నువ్వు ఊరుకున్నావా? ఒకరోజు మిర్యాలగూడ మిల్లు నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, నీ వెల్డింగ్ మాస్కులోంచి నల్లద్దం ఊడదీసి నా ముందు పెట్టావు. "దీంట్లకెళ్లి సూర్యుణ్ణే సూడొచ్చు, నీ నీళ్ళెంత?" అన్నావు. రెండు రబ్బర్ బ్యాండ్లతో లెన్సుకు కట్టి చూశాం. ఫొటో అంతా పాచి పట్టినట్టు పచ్చగా వచ్చింది. నువ్వు ముఖం మాడ్చుకున్నావు. కంప్యూటర్లో ఆ పచ్చదనం తీసేసి చూపించాక ఇల్లంతా ఎగిరావు. మంచి అద్దం నాకిచ్చి, నువ్వు మాత్రం పగిలిన పాత అద్దం మాస్కులో పెట్టుకుని పనికి పోయావు. అంతటితోనూ ఆగలేదు. నా పుట్టినరోజుకు అసలు ఫిల్టర్ కొనిపెట్టాలని పంతం పట్టావు. ఆ పంతానికే నేరేడుచర్ల దాటాక కాలువ గేటు పని ఒప్పుకున్నావు.

నువ్వు మిల్లుల్లో పెరిగిన వెల్డర్‌వి. కాలువ వంతులు నీకేం తెలుసు? కాలువ ఎగువన పొలాలున్న గట్టయ్య వచ్చి, "ఆఫీసోళ్ళు జెప్పిన్రు, గేటు లేవకుండ రెండు టాకాలు వెయ్యి" అన్నాడు. నువ్వు ట్రాలీ ఆటోలో జనరేటర్ ఎక్కించుకుని పోయావు. ఆ సాయంత్రం ఆరింటి నుంచి గేటు లేపుకునే వంతు కింది తండావాళ్ళదని, ఆ కట్ట మీద గొర్లు కాసేవాణ్ణి అడిగినా చెప్పేవాడు. నువ్వు అడగలేదు. పైగా నాకు ఫోన్ చేసి, "గీడ నీళ్ళు దుంకుతున్నయ్ నవ్వా, జల్ది రా, మస్తుగుంటది ఫొటో" అన్నావు. నేను వచ్చాను. గేటుకు దిగువన, కాలువ అవతలి ఒడ్డు మీద, జమ్ము మధ్యలో స్టాండ్ నిలబెట్టాను.

ఇక పెద్ద అబద్ధం. ఆ రోజు తీసిన ఫొటో పాడైందని నీతో చెప్పాను. నువ్వు, "మంచిగయింది, ఉన్నది గూడ డిలీట్ గొట్టు" అన్నావు. ఫొటో పాడు కాలేదు. నా చేతి మీదుగా అంత బాగా వచ్చిన ఫొటో ఇంకోటి లేదు. ఈ వాక్యం రాస్తుంటే నా మీద నాకే అసహ్యం పుడుతోంది.

నా పాత కెమెరా ముప్పై సెకండ్లు దాటితే తనంతట తాను లెక్క చూసుకోదు. వైరు చివరి మీట నొక్కి పట్టుకుని, నోటితో లెక్కపెట్టుకోవాలి. ఆ వెలుగుకు, ఆ నల్లద్దానికి రెండు వందల నలభై కావాలని లెక్క వేసుకున్నాను. మీట నొక్కాను. ఒకటి నుంచి నలభై దాకా నువ్వు గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టాకాలు వేసి గేటును అతికిస్తున్నావు. నిప్పురవ్వలు నీళ్ళ మీద పడుతున్నాయి. ఎంత బాగుందో అనుకున్నాను. నలభై ఐదు దగ్గర కింది తండా ధన్‌సింగ్ కట్ట దిగి వచ్చాడు. అప్పటికి ఆయన పేరు నాకు తెలియదు. మెడలో తువ్వాల, చేతిలో గేటు తిప్పే ఇనుప పిడి. నీ భుజం పట్టి ఆపాడు. నువ్వు లేచి నాలుగడుగులు వెనక్కి జరిగి పిల్లర్‌కు ఆనుకున్నావు. అప్పటికి అరవై. అక్కడి నుంచి నువ్వు కదల్లేదు.

గట్టయ్య, అతని మనుషులిద్దరు కట్ట మీది నుంచి దూకారు. జనరేటర్ మోతలో ఒక్క మాటా వినపడలేదు, నోళ్ళు మాత్రం కదిలాయి. తొంభై ఎనిమిది. గట్టయ్య గడ్డపార ఎత్తి ధన్‌సింగ్ మోకాలి మీద వేశాడు. కాలు వంగకూడని వైపుకు వంగింది. నూట నాలుగు. ఒకడు వెనక నుంచి ఆయన తువ్వాలనే మెడకు బిగించి, పైకి లాగి నిలబెట్టాడు. నూట తొమ్మిది. రెండో దెబ్బ పక్కటెముకల మీద. ఆయన నోట్లోంచి నెత్తురు గడ్డం మీదికి కారింది. చేతులు జోడించాడు, అన్నా. ఆ దూరం నుంచి కూడా నాకు కనిపించింది. నూట పద్దెనిమిది. మూడో దెబ్బ తల మీద. ఆ చప్పుడు ఒక్కటే జనరేటర్ మోతను దాటుకుని నా దాకా వచ్చింది. అది ఎలాంటి చప్పుడో రాయను.

నేను నూట పంతొమ్మిది అన్నాను.

ఇదే నేను దాచింది. మీట వదల్లేదు. అరవలేదు. భయమేసిందని చెప్పుకోవచ్చు, భయమేసింది కూడా. కానీ భయపడ్డవాళ్ళు లెక్క తప్పుతారు కదా, నేను తప్పలేదు. ఇంకో రెండు నిమిషాల్లో వెలుగు పోతుందని, మీట వదిలితే ఫొటో పోతుందని నా తలలో ఒక మూల అనుకుంటూనే ఉంది. నూట యాభై దగ్గర ముగ్గురూ కట్ట ఎక్కి వెళ్ళిపోయారు. ధన్‌సింగ్ సిమెంటు గచ్చు మీద పక్కకు తిరిగి పడి ఉన్నాడు. నువ్వు పిల్లర్ దగ్గర, నేను జమ్ములో. రెండు వందల నలభై దాకా లెక్కపెట్టాను. మీట వదిలాకే నువ్వూ కదిలావు. నన్ను చూసి, పో అని చెయ్యి ఊపావు. పోయాను. లెన్సుకు మూత పెట్టి, స్టాండ్ మడిచి, బ్యాగు సర్దుకుని మరీ పోయాను.

ఆ తర్వాతది అందరికీ తెలిసిందే. నువ్వు ఆయన్ను ట్రాలీలో వేసుకుని మిర్యాలగూడ దవాఖానకు పరిగెత్తావు, దారిలోనే ప్రాణం పోయింది. నీ బట్టల నిండా ఆయన నెత్తురే. గట్టయ్య మనుషులు, వెల్డర్‌తో లొల్లయింది, వాడే కొట్టాడని చెప్పారు. గట్టయ్య ఆ పూట ఊళ్ళోనే లేనన్నాడు. ధన్‌సింగ్ భార్య సాలి నీ పేరు రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది. నువ్వేమో, నేను ఒక్కణ్ణే ఉన్నా, నాతో ఎవరూ రాలేదన్న మాట తప్ప ఇంకో మాట చెప్పలేదు.

నిన్న ఫొటో రాజారత్నం సార్‌కు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి నుదురు పట్టుకున్నారు. "అమ్మా, ఇది బయటవెడితే మీ అన్నకు శిక్ష ఖాయం. ఇంకెవరు లేరు గదా ఇండ్ల" అన్నారు. నిజమే, లేరు. కదిలేవాటిని ఆ నల్లద్దం మింగేస్తుంది. పారే నీళ్ళు మీగడైనట్టే, తిరుగుతూ కొట్టినవాళ్ళు గాలిలో కలిసిపోయారు. గట్టయ్య ఒక్కచోట నిలబడే మనిషా? అడ్రసు లేడు. గడ్డపార లేదు. ధన్‌సింగ్ సగం సేపే కదలకుండా ఉన్నాడు కాబట్టి సగమే పడ్డాడు. ఆయన ఒంట్లోంచి వెనకున్న సిమెంటు కనిపిస్తోంది. నిండుగా పడ్డ మనిషివి నువ్వు ఒక్కడివే. పిల్లర్‌కు ఆనుకుని, ముఖం మీద మాస్కుతో. తెలియనివాడికి ఆ ఫొటోలో కనిపించేది ఒక శవం, ఒక హంతకుడు. నల్లద్దం సంగతి తెలిసినవాడికి మాత్రం, నువ్వు కదల్లేదు, కాబట్టి కొట్టలేదు. ఆ తెలిసినదాన్ని నేనే. కానీ అది చెప్పాలంటే నేను అక్కడ ఉన్నానని, చూస్తూ లెక్కపెట్టానని కూడా చెప్పాలి.

చెబుతాను. అడిగి చేస్తున్నాననుకోకు, తేల్చుకున్నాను. కానీ ఒక్కటి నాకు తెలియాలి. నాది ఫొటో పిచ్చి. నీకేమైంది? నీ పక్కనే సుత్తి ఉంది, నీ చేతిలో ఎర్రగా కాలిన రాడ్ ఉంది. అంత పెద్ద మనిషివి రాయిలా ఎందుకు నిలబడ్డావు? నిన్ను తిట్టుకోని రోజు లేదు. తిట్టాక నన్ను కూడా తిట్టుకుంటున్నాను. జవాబు రాయి.

నీ వేలు పట్టుకుని నడక నేర్చిన
నవనీత


జైలు,
మార్చి 23.

నవ్వా,

నాకు రాయడం రాదు. రాడ్ పట్టినట్టు పెన్ను పట్టుకున్నాను, గీత వంకర పోతే చూసీ చూడనట్టు పో. ఈ కాగితం రాజారత్నం సారే ఇచ్చాడు, ఆయన చేతికే ఇస్తున్నాను.

ఆ ఫొటో బయటపెట్టకు. నీకు దండం పెడతాను. మొన్న బువ్వ కాడ ఒకడు వచ్చి పళ్ళెం తన్నాడు. వంగి ఏరుకుంటుంటే దవడ మీద గుద్దాడు. పన్ను ఒకటి ఊడింది. "మీ చెల్లె ఫొటోలు దీస్తదట గద, మంచిగ దియ్యమను" అని చెవిలో చెప్పి పోయాడు. గట్టయ్య మనిషే. వాళ్ళకు అనుమానం తగిలింది కానీ ఇంకా తెలియదు. తెలిస్తే నిన్ను బతకనివ్వరు. నేను కదలనందుకు నువ్వు నన్ను తిట్టుకుంటున్నావు కదా, తిట్టుకో. కానీ సంగతి తెలుసుకుని తిట్టు.

మొదటి దెబ్బకు నా కాళ్ళు పడిపోయినట్టయ్యాయి. అది ఉత్త భయం. నాకు అంత భయం ఉందని ముప్పై ఐదేళ్ళు వచ్చేదాకా నాకే తెలియదు. రెండో దెబ్బకు మాస్కు కిందికి దించుకున్నాను. చూడొద్దని. మంచి అద్దమైతే ఆ సందెవేళ ఏమీ కనపడేది కాదు. మంచిది నీకిచ్చాను కదా. నా దాంట్లో అడ్డంగా పగులు ఉంది. ఆ పగులులోంచి సన్నగా అన్నీ కనపడ్డాయి. ఆయన చేతులు జోడించింది నాకు కూడా. గట్టయ్యకు ఒక్కడికే కాదు, నా దిక్కు తిరిగి కూడా జోడించాడు.

మూడో దెబ్బ అయ్యాక గట్టయ్య తల తిప్పి నీ దిక్కు చూశాడు. జమ్ములో ఏదో తళుక్కుమంది. నీ స్టాండ్ కాలో ఏమో. నా ముఖం మీద ముఖం పెట్టి అడిగాడు.

"గాడ ఎవరున్నర్రా?"

"కొంగలు సార్" అన్నాను.

"సూసొస్తవా?"

"రోజు ఉంటయ్ సార్, కొంగలే" అన్నాను.

నేను ఒక్క అడుగు వేసినా, నీ దిక్కు చూసినా, అరిచినా వాళ్ళు కాలువ దాటి వచ్చేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా కట్ట మీద నిలబడి చూస్తున్నారేమోనని కదల్లేదు. అంటే మొదట నా కోసం నిలబడ్డాను, తర్వాత నీ కోసం నిలబడ్డాను. ఏది ఎంతసేపో నాకు తెలియదు. నువ్వు లెక్కపెట్టావు కదా, నీకే తెలుస్తుంది.

కానీ ధన్‌సింగ్ కోసం మన ఇద్దరిలో ఎవరమూ కదల్లేదు. రోజూ ఆ చేతులే కనపడుతున్నాయి. నేను లోపల ఉంటే ఉండనీ. నాకు ఇది తగిన శిక్షే అనిపిస్తోంది. నువ్వు మాత్రం కాలువ అవతల లేవు. అక్కడ ఉన్నవి కొంగలు. ఆ మాట మీదే ఉండు.

అమ్మను బీపీ గోలీలు మరిచిపోవద్దని చెప్పు.

మీ అన్న
లింగస్వామి


సూర్యాపేట,
ఏప్రిల్ 6.

లింగన్నా,

అక్షరాలు కోడి గెలికినట్టు ఉన్నాయని నవ్వకు, ఎడమ చేత్తో రాస్తున్నాను. నీ మాట వినలేదు. నువ్వు కొంగలన్నావని నేను కొంగనైపోతానా? నీ ఉత్తరం చదివిన మర్నాడే రాజారత్నం సార్ ఫొటోతో పాటు నా వాంగ్మూలం పెట్టించడానికి కాగితం రాశారు. అది ఠాణాకు చేరిన మూడో రోజు, పట్టపగలు, స్టూడియో సార్ అన్నానికి పోయిన సమయంలో ఇద్దరు వచ్చారు. ఒకడు నా కెమెరా నేలకేసి కొట్టి తొక్కాడు. రెండోవాడు నా కుడి చెయ్యి బల్ల మీద పెట్టించి, ఆల్బమ్ అట్టలు కోసే మిషన్ పిడితో వేళ్ళ మీద కొట్టాడు. "కార్డు ఏడుందే? ఏడ వెట్టినవ్?" అని దెబ్బకో మాట. చూపుడువేలు, మధ్యవేలు రెండూ విరిగాయి. మూడోసారి ఎత్తినప్పుడు వాడి మణికట్టు కొరికాను. వదల్లేదు అన్నా. వాడు నా జుట్టు పట్టి లాగినా, తల గోడకు కొట్టినా వదల్లేదు. నోటి నిండా వాడి నెత్తురు ఉప్పగా అయ్యేదాకా పట్టుకున్నాను. వాడు కేకలు పెడితే బజారు వాళ్ళు ఉరికొచ్చారు. ఇద్దరూ దొరికారు. అందులో ఒకడు ఆ రోజు తువ్వాల బిగించినవాడే. ఫొటో ఉన్న కార్డు రాజారత్నం సార్ బీరువాలో, నల్లద్దం అమ్మ బియ్యం డబ్బాలో ఉండబట్టి వాళ్ళకు దొరకలేదు.

నిన్న ఠాణాకు పిలిచారు, నల్లద్దం పట్టుకుని రాజారత్నం సార్ వెంట పోయాను. డీఎస్పీ సార్ ఫొటో చాలాసేపు చూశారు. నేను చెప్పిందంతా విని, "నాలుగు నిమిషాలు మనుషులు తిరిగితే ఫొటోల పడరా? గిది ఏం ఇచ్చంత్రం?" అన్నారు. పడరు సార్, చూపిస్తాను అన్నాను. స్టూడియో సార్ తన కెమెరా ఇచ్చి, తనే వెంట వచ్చాడు. నీ నల్లద్దం రబ్బర్ బ్యాండ్లతో కట్టించాను. ఎండ పడుతున్న ఆవరణలో ఒక హోంగార్డును జెండా దిమ్మె దగ్గర కదలకుండా నిలబెట్టాం. ముగ్గురు కానిస్టేబుళ్ళను లాఠీలతో ఒకణ్ణి కొడుతున్నట్టు తిరగమన్నాం. సగం సేపయ్యాక దెబ్బలు తిన్నట్టు నటించేవాడు కింద పడిపోవాలి. ఎండకు నల్లద్దం ఒక్కటి చాలదని లెన్సు రంధ్రాన్ని ఇంకా చిన్నది చేసి, పాత ప్లాస్టిక్ పలక ఒకటి కూడా అడ్డం పెట్టాను. మీట స్టూడియో సార్ పట్టుకున్నాడు. లెక్క నాది.

మొదట్లో వాళ్ళకు నవ్వులాట. "అరే, మెల్లగ కొట్టు బై, నిజంగ తగుల్తుంది" అని ఒకడు. నూరు దాటాక ఎవరూ నవ్వలేదు. ఉత్తుత్తిదే అయినా ఒక మనిషి చుట్టూ ముగ్గురు అంతసేపు లాఠీలు ఎత్తుతూ దించుతూ ఉంటే చూడటం మామూలు సంగతి కాదు. అప్పుడే నేను పక్కకు చూశాను. వరండా మెట్ల మీద సాలి కూర్చుని ఉంది. ఆమెను కూడా అదే పూట వాంగ్మూలానికి పిలిచారని నాకు తెలియదు.

ఫొటో తెర మీదికి వచ్చింది. పచ్చటి ఖాళీ ఆవరణ. జెండా దిమ్మె పక్కన హోంగార్డు నిండుగా ఉన్నాడు. కింద పడుకున్నవాడు సగమే ఉన్నాడు, వాడి కడుపులోంచి నేల మీది గులకరాళ్ళు కనపడుతున్నాయి. కొట్టిన ముగ్గురూ లేరు. అందులో ఒకాయన ముందుకు వంగి తెర మీద తనను తాను వెతుక్కున్నాడు. "నేనేడున్న సార్?" అన్నాడు. డీఎస్పీ సార్ తెర నా వైపు తిప్పారు. మీ అన్న ఫొటో మళ్ళీ తెరువమ్మా అన్నారు.

అది తెరవగానే సాలి మెట్లు దిగి వచ్చింది. ఎవరూ ఆపలేదు. నలభై దాటి ఉండదు ఆమెకు. తెర మీద తన భర్త ఉన్నచోట వేలు పెట్టింది. వేలు కింద కూడా సిమెంటే కనిపిస్తోంది.

"సగమే ఉన్నడు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేడున్నవ్?"

"కెమెరా ఎనక, అక్కా."

"ఏం జేస్తున్నవ్?"

"లెక్కవెడుతున్న."

"మా ఆయన ఏ లెక్క కాడ వడ్డడు?"

"నూట పద్దెనిమిది కాడ."

"గాన్నుంచి లెక్కవెట్టు. నా ముందల వెట్టు."

డీఎస్పీ సార్ ఏదో అనబోయారు. రాజారత్నం సార్ చెయ్యి అడ్డం పెట్టారు. నేను మొదలుపెట్టాను. నూట పంతొమ్మిది. నూట ఇరవై. ఆమె నా కళ్ళలోకే చూస్తోంది. అన్నా, ఆ రోజు ఆ అంకెలు ఎంత తొందరగా పోయాయో! నిన్న ఒక్కొక్కటి నోట్లోంచి బయటికి రానంది. నూట యాభై దాకా వచ్చాను, వాళ్ళు వెళ్ళిపోయిన చోటికి. ఇంకా తొంభై ఉంది. అప్పటికి కొట్టేవాళ్ళు లేరు, మన ఇద్దరికీ అడ్డం వచ్చేవాళ్ళు లేరు. ఆయన ఒక్కడే పడి ఉన్నాడు. నేను ఆగిపోయాను.

"ఆపకు" అంది సాలి. "ఆనాడు ఆపినవా?"

మళ్ళీ మొదలుపెట్టాను. ఏడుస్తూ, చీమిడి తుడుచుకుంటూ లెక్కపెట్టాను. రెండు వందల దగ్గర ఆమె నేల మీద కూలబడింది. కూర్చుని కూడా నా ముఖం మీది నుంచి చూపు తియ్యలేదు. రెండు వందల నలభై అన్నాను. కానిస్టేబుల్ ఒకాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"గింత సేపా" అంది ఆమె.

గోడ పట్టుకుని లేచింది. డీఎస్పీ సార్ దగ్గరికి పోయి, "నాకు సదువు రాదు సార్. ఎవలో రాసిన కాయితం మీద ఏలు వెట్టిన. ఈ పిల్ల అన్న కొట్టలే. ఆ పేరు తీసెయ్యుండ్రి. గట్టయ్య పేరు రాయుండ్రి, మల్ల ఏలు వెడత" అంది. నేను ఆమె కాళ్ళ మీద పడబోయాను. వెనక్కి జరిగింది. "నన్ను మాఫీ అడగకు. నేనియ్య. మీ ఇద్దరికీ ఇయ్య" అంది. నాలుగడుగులు పోయి మళ్ళీ తిరిగింది. "మీ అన్న బయటికొస్తే ఆ గేటు కోసి పొమ్మను. మావి రెండు వంతులు వోయినయ్. మా ఆయన నీళ్ళ కోసం వోయిండు. నీళ్ళన్న రావాలె."

గట్టయ్యను ఈ తెల్లారే కోదాడలో వాళ్ళ బావమరిది ఇంట్లో పట్టుకున్నారు. నిన్ను కేసులోంచి తీసేయించడానికి టైం పడుతుందట, ఈలోపు బెయిల్ మాత్రం గురువారానికి వస్తుందని రాజారత్నం సార్ గట్టిగా చెబుతున్నారు. గేటుకు పోలీసులు కట్టిన టేపు తీసి, అతుకులు కోసుకోవచ్చని కాగితం కూడా ఇప్పించారు. ఫొటో, నల్లద్దం మాత్రం సాక్ష్యం కింద బట్టలో చుట్టి, లక్క పోసి సీలు వేశారు. ఇక మన దగ్గర ఆ రెండూ లేవు.

నువ్వు నా కోసం నిలబడ్డావని చదివినప్పుడు ఎంత ఏడ్చానో నీకు చెప్పను. ఏడ్చాక నీ మీద కోపం పోయింది, ప్రేమ ఎప్పుడూ పోలేదు. కానీ సాలక్క ముందు ఆ మాట నా నోటికి రాలేదు. నీకు కూడా రావద్దు. అది మన ఇద్దరి మధ్యే ఉండనీ.

మళ్ళీ ఫిల్టర్ అడుగుతావు, నాకు తెలుసు. కొనలేదు. ఆ డబ్బులోంచి కొంత తీసి నీ మాస్కుకు కొత్త అద్దం కొన్నాను. దుకాణమాయన "అతకడానికా, కోయడానికా?" అని అడిగాడు. కోయడానికన్నాను. "కోసేందుకైతే గంత నలుపు అక్కర్లే బిడ్డా, పని మంచిగ కనవడాలె" అని తక్కువ నలుపుది ఇచ్చాడు. పగుళ్ళు లేకుండా చూసి తెచ్చాను.

గురువారం అమ్మ జైలు గేటు దగ్గరికి వస్తుంది. ఇంటికి వచ్చి, అన్నం తిని, గ్యాస్ కట్టర్ తీసుకుని కాలువకు పోదాం. నాకు కెమెరా లేదు, ఉన్నా తేను. నువ్వు ఆ టాకాలు కోస్తుంటే నేను సాలక్కకు కనపడేంత దూరంలో నిలబడతాను. ఆమె పొమ్మంటే ఇంకాస్త దూరం జరిగి నిలబడతాను. నీళ్ళు తండా మడి దాకా చేరడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. చేరేదాకా అక్కడే ఉంటాను, లెక్కపెట్టను.

నీ చెల్లె
నవనీత